రంగం నుంచి వచ్చిన డబ్బా

మా అబ్బాయి పైచదువుకు జర్మనీ వెళ్తున్నాడని తెలిసినప్పటినుంచీ మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అడిగిన మొదటి ప్రశ్న ఏ ఊరని కాదు, ఏ చదువని కాదు, "వంట వచ్చా?" అని. వాడికి వంట రాదు. ఇరవై రెండేళ్ళ కొడుకును, అత్తెసరు పెట్టడమంటే ఏమిటో తెలియకుండా పెంచిన తల్లినన్న నింద నాకు ఊరికే పోతుందా? ఆ నింద మావారి మీద పడదు సుమండీ. ఆయనకూ వంట రాదు కాని, ఆయనను ఎవరూ అడగరు.

అందుకని ఈ వేసవి సెలవుల్లో ఒక నోటుబుక్కు కొని, అట్టమీద "అడ్డదారులు" అని రాశాను. కాలేజీలో గైడు పుస్తకాలు పట్టుకు తిరిగే పిల్లలను అడ్డదారులు తొక్కవద్దని ఇరవై ఏళ్ళుగా మందలిస్తున్న దాన్ని నేనే. వంటింట్లో మాత్రం పొద్దున్న ఎనిమిది గంటల బస్సు అందుకోవాలంటే రాజమార్గం పనికిరాదు. ఈ సంగతి ఉద్యోగాలు చేస్తున్న నా తోటి ఇల్లాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

మొదటి పేజీలో చింతపండు. వారానికి సరిపడా ఒక్కసారే నానబెట్టి, చిక్కగా గుజ్జు తీసి, ఉప్పు, పసుపు, కాస్త నూనె వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించి గాజుసీసాలో పెట్టుకుంటే, ఫ్రిజ్‌లో వారం రోజులూ నిశ్చింత. చారుకు ఒక చెంచా, పులుసుకు మూడు చెంచాలు. పొద్దున్నే చింతపండు పిసుక్కుంటూ గడియారం వంక చూసే పని తప్పుతుంది.

రెండో పేజీలో ఉప్మా. రవ్వ దోరగా వేయించి పెట్టుకోవాలి. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు విడిగా వేయించాలి. కరివేపాకు గలగలలాడాలి. దానిలో తడి ఉందా, డబ్బా మొత్తం పాడవుతుంది. చల్లారాక రెండూ కలిపి, ఉప్పు వేసి ఎత్తుకుంటే, ఆకలేసినప్పుడు గ్లాసు పిండికి రెండున్నర గ్లాసుల మరిగే నీళ్ళు పోసి మూత పెట్టడమే.

మూడో పేజీలో కుక్కరు. కందిపప్పు అరగంట ముందు నానబెట్టి టొమాటో ముక్కలతో అడుగు గిన్నెలో, బియ్యం పై గిన్నెలో. ఒకే ఆవిరి మీద పప్పూ అన్నమూ రెండూ అవుతాయి. అక్కడివి విద్యుత్తు పొయ్యిలని వాడు చెబితే ఇంకో ముక్క చేర్చాను: ఆ పొయ్యి ఆపేసిన తరువాత కూడా కొంతసేపు వేడి నిలుస్తుంది కనుక, వంట అయిపోవడానికి అయిదు నిమిషాల ముందే ఆపేయవచ్చు. గిన్నె అడుగు మాత్రం చదునుగా ఉండాలి.

ఇలా ముప్ఫై పేజీలు నింపాను. నేను రాస్తూ ఉంటే మా అత్తగారు వంటింటి గడపమీద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ ఉండేవారు. ఒక్క మాట అనేవారు కాదు. మిక్సీలో అల్లం వెల్లుల్లి నూరితే రుచి లేదని, ఫ్రిజ్‌లో పెట్టిన పిండికి ప్రాణం లేదని నాకు పాతికేళ్ళుగా చెబుతూ వచ్చిన మనిషి, ఇన్ని అడ్డదారులు కళ్ళముందు సాగుతుంటే నోరు విప్పకపోవడం నాకు భయం వేసింది.

కారణం అడ్డదారులు కాదు. వీసా వచ్చిన రోజు వాడు ఎగురుకుంటూ వచ్చి, "మామ్మా, నేను జర్మనీ వెళ్తున్నాను" అన్నాడు. మన ఇళ్ళలో "వెళ్తాను" అనరు కదా, "వెళ్ళొస్తాను" అంటారు. ఈ కాలం పిల్లలకు ఆ పట్టింపు లేదు. ఆవిడ ఒక్క క్షణం వాడి ముఖం వంక చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆనాటినుంచి వాడితో మాట్లాడటం తగ్గించారు. అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, ప్రయాణం మాట వస్తే మాత్రం అక్కడ ఉండరు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. మావారు, "పెద్దదయింది, పోనీ" అన్నారు. ఏ ఇంటి మగవారైనా అనే మాటే అది.

ప్రయాణం నాలుగు రోజులుందనగా పెట్టెలు సర్దడం మొదలయింది. పెద్దపెట్టె ఇరవై మూడు కిలోలు మించకూడదట. మావారు బాత్‌రూమ్ తూకం మీద తాను ఎక్కి, మళ్ళీ పెట్టెతో ఎక్కి, తీసివేతలు వేస్తున్నారు. నేను ప్రేమగా కాచి పోసిన నెయ్యి సీసా చూసి మా అబ్బాయి, "అమ్మా, ఇది కుదరదు. పాలతో చేసినవీ, మాంసమూ బయటి దేశాలనుంచి ప్రయాణికులు తేకూడదని ఐరోపా దేశాల నిబంధన. విమానాశ్రయంలో పట్టుకుంటే పారేస్తారు" అని బయట పెట్టేశాడు. నాకు కళ్ళవెంట నీళ్ళు ఒక్కటే తక్కువ.

అప్పుడు గడప దగ్గరనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఏటమ్మా, నెయ్యి కూడా తీసీమన్నారేటి? మాకైతే చెవుల్లో పోగులు తీసీమన్నారు."

మేము ముగ్గురమూ తలలెత్తాము. ఆవిడ నవ్వుతున్నారు. అది నవ్వో కాదో నాకిప్పటికీ తెలియదు.

మా అత్తగారు రంగంలో పుట్టారు. తెలుగు పాఠం చెప్పేటప్పుడు రంగమంటే నాటకశాల అనీ, యుద్ధభూమి అనీ అర్థాలు చెబుతాను. మా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో అడగండి, రంగమంటే రంగూనే. ఒకప్పుడు ఇంటికొకరు చొప్పున ఓడెక్కి ఆ ఊరు వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి పూర్వం ఓడలు వెళ్ళేవి కనుక బర్మావాళ్ళు మనవాళ్ళకు కోరంగీలని పేరు పెట్టారు. 1839 తుఫానులో కోరంగి రేవు దెబ్బతిన్నా ఆ పేరు మాత్రం పోలేదు. రేవులో బస్తాలు మోసినవారు, సాంపాను పడవలు నడిపినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనాభాలో సగానికి మించి భారతీయులే. అయినా ఆ ఊరు మనది కాలేదు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టగా, వారి బదులు బర్మా కూలీలను పెట్టి, సమ్మె తీరాక వారిని తీసేసిన చోట రగిలిన తగాదా పెద్ద కొట్లాటలకు దారి తీసింది.

ఇవన్నీ పుస్తకాల్లో చదివినవే. మా అత్తగారు చెప్పినది వేరు. పాతికేళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ చెప్పనిది.

ఆవిడ తాతగారు రంగంలో జెట్టీ కూలీ. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేశాక, ఓడలు దొరకని లక్షలాది జనం కాలినడకన అరకాను కొండల మీదుగా, మణిపురం మీదుగా ఇండియా దారి పట్టారు. తాతగారు ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని నడిచారు. పెద్దవాడికి దారిలో జ్వరం. "ముందు మీరు నడవండి, నేనొచ్చీస్తాను" అని ఒక చెట్టుకింద కూర్చున్నాడట. చిన్నవాడికి, అంటే మా అత్తగారి తండ్రికి, పద్నాలుగేళ్ళు. చనిపోయేదాకా ఆయన ఆ చెట్టు మాట ఎత్తలేదు. ఎలాగో విశాఖపట్నం చేరారు కదా అనుకుంటే, 1942 ఏప్రిల్ 6న ఇక్కడా బాంబులు పడ్డాయి.

మరి అంత పడ్డ మనిషి యుద్ధం అయ్యాక మళ్ళీ రంగమే ఎందుకు వెళ్ళాడు? నేను అడిగాను. మా అత్తగారు నన్ను వింతగా చూశారు. "ఇక్కడేటుందని ఉంటాడు?" అన్నారు. ఆ జవాబుకు నా దగ్గర ఎదురు ప్రశ్న లేదు.

వెళ్ళి, కూలి చేసి, కూడబెట్టి, స్కాట్ మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో పప్పులు, పిండ్ల దుకాణం పెట్టాడు. పెళ్ళి చేసుకున్నాడు. 1952లో మా అత్తగారు పుట్టారు. పది, పన్నెండేళ్ళు బాగానే జరిగింది. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చి 19న రంగూనులో దుకాణాలు జాతీయం చేశారు. పొద్దున్న తాళం తీయడానికి వెళ్ళిన తండ్రి, తన కొట్టు గుమ్మం మీద ప్రజల దుకాణమని బోర్డూ, దానికో నెంబరూ చూసి తిరిగి వచ్చాడు. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఇక ఉండటానికి ఏమీ మిగలలేదు. ఆ తరువాతి కొద్ది సంవత్సరాల్లో లక్షల సంఖ్యలో భారతీయులు బర్మా విడిచి వచ్చారు.

"జెట్టీ మీద వరస కట్టించినారు. మూటలు విప్పించినారు. అమ్మ గాజులు తీసీసుకున్నారు. నా చెవులకి రెండు పోగులుండేవి, మినపగింజలంతవి. చిన్నపిల్లని కదా, ఒగ్గీస్తారనుకున్నాను. తీసీమన్నారు. అమ్మ తీస్తంటే చెయ్యి వణికింది. అప్పుడు నాకు నొప్పెట్టింది. ఏడిస్తే నాన్న ముఖం ఎలాగయిపోద్దో అని ఏడవలేదు."

వాళ్ళమ్మ చేతిలో ఒక రేకుడబ్బా ఉందట. దుకాణం పోయే ముందు ఇంటికి తెచ్చుకున్న శనగపిండి, దోరగా వేయించి పోసుకున్నది. లోపల బంగారం దాచారేమోనని ఇనుప చువ్వతో కెలికి, ఏమీ లేదని తిరిగి ఇచ్చేశారు.

ఆ డబ్బా మీరు మా వంటింటికి వస్తే చూడవచ్చు. అంచుకు తుప్పు పట్టింది, మూత ఒక పక్కకు వంగింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాతసామానువాడికి వేయబోతే, మా అత్తగారు నా చేతిలోంచి లాక్కున్నారు. పిసినారితనమనుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే నాకు తలవంపుగా ఉంది.

ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చింది. మా గోపాలపట్నంనుంచి బస్సెక్కి, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, మర్రిపాలెం దాటి వెళితే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలిచే పేట ఉంది. అక్కడ ఒక పాకలో ఏడుగురు. వంటచెరకు కొనాలి, నీళ్ళు మోసుకురావాలి. అప్పుడు వాళ్ళమ్మ చేసిన పని ఇది: దొరికిన చిన్నచేప ఒక్కటి ఉడికించి, ఆ నీళ్ళలో వేయించిన శనగపిండి కలిపి చిక్కబరిచి, ఏడుగురికీ పోసేది. పిండి ముందే వేగి ఉంది కనుక రెండు పుల్లలు కాలేలోగా పులుసు దిగిపోయేది. కొన్నాళ్ళకు సాయంత్రాలు పాక ముందు పీట వేసుకుని గిన్నెల లెక్కన ఖౌస్వే అమ్మింది. ఆ డబ్బులతోనే మా అత్తగారు ఎనిమిదో తరగతిదాకా చదివారు.

"అమ్మమ్మ రోడ్డుమీద అమ్మిందా?" అన్నారు మావారు. యాభై ఏళ్ళ మనిషికి ఆ సంగతి ఆనాడే తెలిసింది.

"మీ నాన్నోళ్ళింట్లో బర్మావాళ్ళని ఎగతాళి చేసేవోరు. అందుకే చెప్పలేదు" అన్నారావిడ.

నోటుబుక్కు నా ఒళ్ళో ఉంది. అడ్డదారులు! బస్సు అందుకోవడానికి నేను వెతుక్కున్న దారులవి. ఆవిడ దారి కట్టెలు లేనందువల్ల పుట్టింది. పాతికేళ్ళుగా ఒకే వంటింట్లో ఉంటూ నేను ఆవిడకు పాతకాలపు పట్టింపులని పేరు పెట్టాను.

మర్నాడు ఆదివారం. ఆవిడే లేచి కొంగు బిగించి మా అబ్బాయిని పిలిచారు. "ఒరే బాబూ, ఇలా రా. కాగితం మీద రాసుకుంటే రాదు. గరిటె పట్టు."

నేను మాత్రం రాసుకున్నాను. అయిదుగురికి సరిపడే లెక్క ఇది.

ముందు శనగపిండి. మూకుడులో నూనె లేకుండా, సన్నని సెగమీద, పచ్చివాసన పోయి గంధం రంగు వచ్చేదాకా కలుపుతూనే ఉండాలి. పది నిమిషాలు పడుతుంది. చెయ్యి ఆపితే మాడుతుంది. చల్లారాక డబ్బాకెత్తుకుంటే వారాల తరబడి నిలవ ఉంటుంది. అసలు అడ్డదారి ఇదే.

తరువాత ఉల్లిపాయలు. నాలుగు పెద్దవి సన్నగా నిలువుగా తరిగి, ధారాళంగా నూనె పోసి, చిటికెడు పసుపు వేసి, ఎర్రగా కరకరలాడేటట్టు వేయించి తీసేయాలి. ఆ నూనె పారబోయకూడదు. ఉల్లి వాసన పట్టిన ఆ నూనెతోనే కూర మొదలవుతుంది.

ఆ నూనెలో అల్లం, వెల్లుల్లి, మరో రెండు ఉల్లిపాయలు కలిపి నూరిన ముద్ద వేయించి, కారం, పసుపు, ఉప్పు వేసి, అరకిలో కోడిమాంసం చిన్నముక్కలుగా వేసి మగ్గనివ్వాలి. శనివారమైతే మా ఇంట్లో సింహాచలం అప్పన్నకు భయపడి నీచు ముట్టము; అప్పుడు బీన్సు, క్యారెట్టు. ఒక కొబ్బరికాయ తురిమి గోరువెచ్చని నీళ్ళతో మిక్సీలో వేసి పాలు పిండాలి. మొదటి పాలు విడిగా ఉంచి, రెండోసారి తీసిన పలచని పాలతో ముక్కలు ఉడికించాలి. నాలుగు చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండ కట్టకుండా జారుగా కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. చివర చిక్కటిపాలు పోసి, తెర్లకముందే దించాలి. తెర్లితే పాలు విరిగినట్టవుతాయి.

నూడిల్సు విడిగా ఉడికించి, చన్నీళ్ళతో కడిగి, కాస్త నూనె రాయాలి. గిన్నెలో నూడిల్సు, మీద పులుసు, దానిమీద వేయించిన ఉల్లి, ఉడికిన గుడ్డు ముక్కలు, కొత్తిమీర. నిమ్మచెక్క ఎవరికి వారు పిండుకోవాలి. ముందే పిండితే రుచి మారిపోతుందని మా అత్తగారి శాసనం.

మావారు మూడు గిన్నెలు తిన్నారు. తింటూ మధ్యలో ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పులుసు ఆవిరని అన్నారు.

ప్రయాణం రోజు పెట్టె కిలోన్నర బరువెక్కింది. మా అబ్బాయి నా ఆవకాయ సీసా తీసేసి, మామ్మ రేకుడబ్బా పెట్టుకుంటానన్నాడు. నాకు కోపం రావలసిందే కాని రాలేదు. మా అత్తగారే డబ్బా తీసి పక్కన పెట్టేశారు.

"ఆవకాయ పట్టుకెళ్ళు. శనగపిండి ఎక్కడైనా దొరుకుద్ది. ఈ డబ్బా ఇక్కడే ఉండనీ. మా అమ్మ అనేది, చేతిలోది పట్టుకుపోనారు గాని, చేతికొచ్చింది పట్టుకుపోలేరు కదా అని."

వాడు వంగి దణ్ణం పెట్టాడు. "మామ్మా, వెళ్తు..." అని ఆగి, "వెళ్ళొస్తాను మామ్మా" అన్నాడు. ఎవరు నేర్పారో, ఏమి అర్థం చేసుకున్నాడో నేను అడగలేదు. ఆవిడ వాడి తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తరువాత, "వెళ్ళిరా నాయనా" అన్నారు. మూడు నెలలుగా ఆ ఇంట్లో మేమంతా ఎదురుచూసిన మాట.

వాడు వెళ్ళిన పదో రోజున ఫోను చేశాడు. ఖౌస్వే చేశాడట. తోటి పిల్లలు నలుగురిని పిలిచాడట. పులుసు మాత్రం ఉండలు కట్టిందట. నేను ఏమి చెప్పాలో ఆలోచిస్తూ ఉండగానే మా అత్తగారు ఫోను నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఒరే, పిండి చన్నీళ్ళలో కలిపినావా, వేణ్ణీళ్ళలోనా?" అని అడిగారు.

వేణ్ణీళ్ళలోనేనట.